యాంఫిబొలైట్ రసాయనం చూసి "ఇక్కడ ఒకప్పుడు ఐలాండ్ ఆర్క్ ఉండేది" అని రాసేయవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నెల్లూరు షిస్ట్ బెల్ట్ దక్షిణ భాగం నుంచి 22 యాంఫిబొలైట్ (బసాల్ట్ లాంటి రాయి వేడికి, ఒత్తిడికి మారితే వచ్చే హార్న్‌బ్లెండ్ రాయి) నమూనాలు తెచ్చి, మూలకాలు కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్, ఐసీపీ-ఎంఎస్ పరీక్షలు రెండూ చేయించారు. టైటానియం-జిర్కోనియం-ఇట్రియం త్రికోణంలో వేస్తే ఎక్కువభాగం మోర్బ్ వైపు, అంటే సముద్ర మధ్య పర్వతశ్రేణుల దగ్గర పుట్టే బసాల్ట్‌ల వైపు పడ్డాయి. థోరియం, నయోబియం వాడే పటంలో వేస్తే అవే రాళ్లు ఆర్క్ వైపు, అంటే ఒక పలక ఇంకోదాని కిందికి దిగే చోట (సబ్‌డక్షన్ జోన్) పుట్టే అగ్నిపర్వతాల వరస వైపు జరిగాయి. రెండిట్లో ఏది నమ్మాలి, థీసిస్‌లో ఐలాండ్ ఆర్క్ అని రాయవచ్చా అన్నారు.

ఇప్పుడు చేతిలో ఉన్న డేటాతో అలా రాయకండి. అలాగని రెండు పటాల్లో ఒకటి తప్పు అనుకుని దాన్ని పక్కన పెట్టడం కూడా వద్దు. ఆ రెండూ వేరువేరు సమాధానాలు ఇవ్వడమే మీ డేటాలో అన్నిటికన్నా విలువైన సంగతి, మీ చాప్టర్ మొత్తం దాని చుట్టూ కట్టవచ్చు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

బసాల్ట్ రసాయనం మనకు నేరుగా చెప్పేది మూడు విషయాలు: ఏ మాంటిల్ (భూమి పైపొర కింది రాతి పొర) కరిగింది, ఎంత లోతులో ఎంతమేర కరిగింది, పైకి వచ్చే దారిలో లేదా కరగకముందే అందులో ఇంకేం కలిసింది. "ఆర్క్", "రిఫ్ట్" (ఖండం చీలే చోటు), "బ్యాక్ ఆర్క్" (ఆర్క్ వెనక సాగి తెరుచుకునే చోటు) అనేవి చోట్ల పేర్లు, వాటిని మనం ఈ మూడిటి నుంచి ఊహిస్తాం. 1973లో పియర్స్, క్యాన్ ఆ త్రికోణం గీసినప్పుడు వాళ్ల దగ్గర ఉన్నవి ఈనాటి అగ్నిపర్వతాల రాళ్లు, పుట్టిన చోటు తెలిసినవి. ఆ గీతల్ని దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల నాటి, 600 డిగ్రీల వేడిలో మగ్గిన హార్న్‌బ్లెండ్ రాయి మీద పెట్టి సమాధానం చదివేయాలంటే మధ్యలో చాలా మెట్లు ఎక్కాలి. చాలా థీసిస్‌లలో ఆ మెట్లు కనిపించవు, నాలుగు పటాలు వరసగా అతికించి ఎక్కువ ఓట్లు పడ్డ గడి పేరు రాసేస్తారు. ఎన్నికల పద్ధతి ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ నాలుగు పటాలూ తిప్పితిప్పి అవే టైటానియం, జిర్కోనియం, ఇట్రియం, నయోబియం వాడతాయి, కాబట్టి అవి నాలుగు స్వతంత్ర సాక్ష్యాలు కావు.

మొదటి మెట్టు, అది అసలు లావానా కాదా అన్నది. మీ బెల్ట్‌లో ఈ అనుమానం ఊరికే వచ్చేది కాదు. ఆ బెల్ట్‌లోని వింజమూరు గ్రూపు రాళ్లలో యాంఫిబొలైట్‌ల మధ్యలో కాల్క్-సిలికేట్ (సున్నపు అవక్షేపం మారినది), పెలైట్ (మట్టి అవక్షేపం మారినది) పొరలు కూడా ఉంటాయి. సున్నపు మట్టి బురద రూపాంతరం చెందితే అదీ హార్న్‌బ్లెండ్-ప్లాజియోక్లేజ్ రాయి అవుతుంది, చేతి నమూనాలో తేడా తెలియదు. పిల్లో ఆకారాలు (నీటిలో గడ్డకట్టిన లావా దిండ్లు), అమిగ్డేల్ మరకలు (లావాలోని గాలి బుడగలు నిండిన గుర్తులు), డైక్ (పగుళ్లలో గడ్డకట్టిన శిలాద్రవపు గోడ) అంచులు లాంటివి కనిపిస్తే సమస్యే లేదు, ఏ నమూనా పక్కన ఏం చూశారో రాసి ఉంచండి చాలు. కనిపించకపోతే క్రోమియం, నికెల్, టైటానియం చూడండి. బసాల్ట్ వంశంలో మెగ్నీషియం తగ్గేకొద్దీ క్రోమియం, నికెల్ పడిపోతాయి, టైటానియం పెరుగుతుంది. మట్టి-సున్నం మిశ్రమంలో ఆ వరస ఉండదు.

అలాగే అది కరిగిన ద్రవం గడ్డకట్టిందా, లేక స్ఫటికాలు అడుగున పేరుకున్న గ్యాబ్రోనా? పటాల గీతలన్నీ ద్రవాల కోసం గీసినవి. మాగ్నటైట్ పేరుకున్న గ్యాబ్రోలో వనేడియం ఎగబాకి టైటానియం-వనేడియం నిష్పత్తి తారుమారవుతుంది, ప్లాజియోక్లేజ్ పేరుకుంటే యూరోపియం, స్ట్రాన్షియం పైకి లేచి మిగతావన్నీ పలచబడతాయి. మీ పట్టికలో జిర్కోనియం 20 పీపీఎం లోపు ఉన్న మూడు నమూనాలు నాకు అలాగే కనిపిస్తున్నాయి, వాటిలో యూరోపియం కూడా పైకే ఉంది. వాటిని ఈ పటాల్లోంచి తీసేయండి. తీసేశానని, ఎందుకు తీశానో కూడా రాయండి.

రెండో మెట్టు, రాయి మారేటప్పుడు ఏ మూలకం అందులోంచి బయటికో లోపలికో కదిలింది. సోడియం, పొటాషియం, కాల్షియం, రుబీడియం, బేరియం, స్ట్రాన్షియం, సీసియం, సీసం వీటి మీద రూపాంతర శిలల్లో ఏ వాదనా నిలబెట్టకండి. మామూలు సిలికా-క్షారాల పటం వేసి "ఆండసైట్" అని పేరు పెట్టడం కూడా ఆపేయండి, దాని బదులు జిర్కోనియం/టైటానియం, నయోబియం/ఇట్రియం వాడే పటం ఉంది. టైటానియం, జిర్కోనియం, హాఫ్నియం, నయోబియం, టాంటలం, ఇట్రియం, బరువైన రేర్ ఎర్త్‌లు (లాంథనం నుంచి లుటీషియం వరకు ఉన్న వర్గంలో బరువైనవి), థోరియం సాధారణంగా కదలవు అంటాం. అందులో "సాధారణంగా" అన్న మాటను మీ రాళ్లలోనే పరీక్షించాలి. దానికి తేలిక పద్ధతి, ప్రతి మూలకాన్నీ జిర్కోనియంతో పోల్చి పటం వేయడమే. ఒకే శిలాద్రవ వంశం అయితే కదలనివి గీతలా వస్తాయి, కదిలినవి చెదిరిపోతాయి. మీ థోరియం గీతలా వస్తుందా? అది ముందు చూడండి, ఎందుకంటే మీ ఆర్క్ వాదన అంతా థోరియం మీదే ఆధారపడి ఉంది.

తేలిక రేర్ ఎర్త్‌ల విషయంలో సీరియం మంచి గూఢచారి. గ్రీన్‌లాండ్‌లోని ఇసువా బెల్ట్, 370-380 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు, అక్కడ సీరియం అసంగతి (పక్క మూలకాలను బట్టి రావలసినదానికి సీరియం ఎన్ని రెట్లు ఉందో చెప్పే అంకె) 0.9 నుంచి 1.1 మధ్య ఉన్న నమూనాల్ని మాత్రమే నమ్మి మిగతావాటిలో లాంథనం వర్గం కదిలిందని పక్కన పెట్టారు. మన ఎండలకూ వానలకూ ఈ పరీక్ష ఇంకా అవసరం, ఎందుకంటే ఉపరితల శిథిలత్వం సీరియాన్ని మిగతా రేర్ ఎర్త్‌ల నుంచి విడదీస్తుంది. ఎల్‌ఓఐ (కాల్చినప్పుడు తగ్గే బరువు) 6 శాతం దాటిన రాయిని కూడా అనుమానించండి. షియర్ జోన్ (రాళ్లు ఒరుసుకుని నలిగిన చోటు) పక్కన, కార్బొనేట్ సిరలు తిరిగిన చోట తెచ్చిన నమూనా అయితే "కదలని" మూలకాలకు కూడా హామీ లేదు. రామగిరి, హట్టి లాంటి బంగారు బెల్ట్‌లలో పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు.

ఇంకా ఎక్కువ వేడి చూసిన రాయి, తూర్పు కనుమల మాఫిక్ గ్రాన్యులైట్ లాంటిది అయితే కథ మళ్లీ మారుతుంది. రాయి స్వయంగా కొంత కరిగి ఆ ద్రవం బయటికి పోయి ఉంటే థోరియం, లాంథనం ఎంత మిగిలాయన్నది ఆ కరగడం మీద ఆధారపడుతుంది. అక్కడ నయోబియం-థోరియం వాదన నేనైతే చేయను. మీవి యాంఫిబొలైట్ దశ దాటలేదు, కరిగిన సిరలు లేని నమూనాలే అని చెప్పారు కాబట్టి ఈ భయం తక్కువ.

ల్యాబ్ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు. రాయిని ఏ మిల్లులో పొడి చేశారు? టంగ్‌స్టన్ కార్బైడ్ అయితే టంగ్‌స్టన్, కోబాల్ట్, టాంటలం కలుషితమవుతాయి, నయోబియం కూడా కొద్దిగా. నయోబియం 2 పీపీఎం ఉన్న రాయిలో ఆ కొద్దిగా కూడా ఎక్కువే. అగేట్ మిల్లు మేలు. క్రోమ్ స్టీలు అయితే క్రోమియం నమ్మకండి. ఐసీపీ-ఎంఎస్ కోసం ఆసిడ్‌లో కరిగించారా, ఫ్యూజన్ చేశారా? జిర్కాన్ ఉంటే తెరిచిన బీకరులో ఆసిడ్‌కు లొంగదు, జిర్కోనియం, హాఫ్నియం తక్కువ చూపించి, పటంలో అక్కడ లేని గుంత తెస్తుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ జిర్కోనియంతో ఐసీపీ జిర్కోనియాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది, మీ దగ్గర రెండూ ఉన్నాయి. మరొకటి, మీ ల్యాబ్ బీహెచ్‌వీఓ-2 స్టాండర్డ్ సరిగ్గా వచ్చిందని రాసిచ్చింది. అది హవాయి బసాల్ట్, అందులో నయోబియం 18 పీపీఎం, ఎవరికైనా సరిగ్గానే వస్తుంది. మీ రాళ్లలో ఉన్నది 2-3. జపాన్ వాళ్ల జేబీ-2 అనే ఆర్క్ బసాల్ట్ స్టాండర్డ్‌లో అది దాదాపు అర పీపీఎం మాత్రమే, దాన్ని కూడా నడిపించమని అడగండి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఇచ్చిన నయోబియం, థోరియం అంకెల్ని ఈ స్థాయిలో అసలు వాడకండి.

ఇవన్నీ దాటాక మీ అసలు చిక్కుకు వద్దాం.

సబ్‌డక్షన్ జోన్‌లో కిందికి దిగే పలక నుంచి నీరు, అవక్షేపాల ద్రవం పైనున్న మాంటిల్‌లోకి వెళ్తాయి. అవి థోరియాన్ని, లాంథనం వర్గాన్ని మోసుకెళ్తాయి. నయోబియం, టాంటలం వాటితో వెళ్లవు, పలకలోని రూటైల్ లాంటి ఖనిజాలు పట్టుకుంటాయి. అందుకే ఆర్క్ బసాల్ట్‌ను ఆదిమ మాంటిల్‌తో సాధారణీకరించి గీస్తే థోరియం, లాంథనం మధ్యలో నయోబియం గుంత పడుతుంది. దీన్ని ఒక అంకెగా చెప్పాలంటే, నయోబియాన్ని 0.713తో, థోరియాన్ని 0.085తో, లాంథనాన్ని 0.687తో భాగించి, నయోబియం విలువను మిగతా రెండింటి లబ్ధపు వర్గమూలంతో భాగించండి. సాధారణ మోర్బ్‌లో థోరియం 0.12, నయోబియం 2.33, లాంథనం 2.5 పీపీఎం, కాబట్టి జవాబు 1.44, గుంత కాదు, గుట్ట. మీ పట్టికలో ఒక నమూనా తీసుకున్నాను: థోరియం 1.2, నయోబియం 3, లాంథనం 8. జవాబు 0.33. లోతైన గుంత. ఆర్క్ అని మనసు లాగుతుంది.

ఇప్పుడు ఇదే మోర్బ్ ద్రవంలో ఖండపు పై పొర రాయి 5 శాతం కలపండి. ఖండపు పై పొర సగటు థోరియం 10.5, నయోబియం 12, లాంథనం 31. లెక్క వేస్తే మిశ్రమం థోరియం 0.64, నయోబియం 2.8, లాంథనం 3.9. గుంత అంకె 1.44 నుంచి 0.60కి పడిపోయింది. 10 శాతం కలిపితే 0.45. సబ్‌డక్షన్ లేదు, పలక లేదు, గ్రానైట్ గోడల మధ్యగా వచ్చిన బసాల్ట్ అంతే. అదే 5 శాతం మిశ్రమంలో జిర్కోనియం 74 నుంచి 80కి, టైటానియం డయాక్సైడ్ 1.27 నుంచి 1.24కి మాత్రమే మారతాయి. మీ టైటానియం-జిర్కోనియం-ఇట్రియం పటం మోర్బ్ అనే చెప్తూ ఉంటుంది, థోరియం-నయోబియం పటం మాత్రం ఆర్క్ అంటుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే. ఈ లెక్కను మీ స్ప్రెడ్‌షీట్‌లో మీరే వేసుకోండి, నా మాట మీద నమ్మకండి.

ఇది కాగితం మీది ఊహ కాదు, మన దేశంలోనే దీనికి పెద్ద రుజువు ఉంది. దక్కన్ ట్రాప్స్ 6.6 కోట్ల ఏళ్ల నాటివి, ఖండం మీద పారిన లావాలు, అది ఆర్క్ కాదని అందరికీ తెలుసు. అయినా పశ్చిమ కనుమల్లోని బుషే ఫార్మేషన్‌ (ఒక లావా పొరల సముదాయం)లో నయోబియం గుంత స్పష్టంగా ఉంటుంది, ఖండపు రాయి బాగా కలిసింది కాబట్టి. దానికి పైన ఉన్న అంబెనలి ఫార్మేషన్‌లో కలుషితం చాలా తక్కువ. మన రాజమండ్రి ట్రాప్స్ రసాయనం అంబెనలి, మహాబలేశ్వర్ ఫార్మేషన్లతో పోలుతుంది. బుషే నమూనాలు మాత్రమే ఎవరైనా వంద కోట్ల ఏళ్ల తరవాత యాంఫిబొలైట్ రూపంలో చూస్తే ఆర్క్ అని వ్యాసం రాసేస్తారని నేను విద్యార్థులకు ఎప్పుడూ చెప్తాను. ఇందులో ఇంకో పాఠం ఉంది. కలుషితం ఎక్కువైన కొద్దీ సిలికా పెరిగి మెగ్నీషియం తగ్గుతుందని పాఠాల్లో చదువుతాం, చల్లబడుతూ గోడల్ని కరిగిస్తుంది కాబట్టి. దక్కన్‌లో కొన్ని చోట్ల ఇది తలకిందులుగా ఉంది, మెగ్నీషియం ఎక్కువ ఉన్న లావాలే ఎక్కువ కలుషితమయ్యాయి, ఎందుకంటే ఎక్కువ వేడి ఉన్న ద్రవమే గోడల్ని ఎక్కువ కరిగించగలదు. కాబట్టి సిలికాతో సంబంధం కనిపించలేదని కలుషితం లేదనేయకండి.

మరి ఈ రెండిటినీ ఎలా విడదీయాలి? థోరియం/ఇటెర్బియం, నయోబియం/ఇటెర్బియం నిష్పత్తులు వాడే పటం, 2008లో పియర్స్ మార్చి ఇచ్చినది, ఇక్కడ నాకు ఎక్కువ ఇష్టం. మోర్బ్ నుంచి ఓషన్ ఐలాండ్ బసాల్ట్ వరకు మాంటిల్ బసాల్ట్‌లన్నీ అందులో ఒక ఏటవాలు పట్టీగా వస్తాయి. ఆర్క్ బసాల్ట్‌లు ఆ పట్టీ పైకి జరిగి దానికి దాదాపు సమాంతరంగా నడుస్తాయి. కలుషితమైనవి పట్టీ మీద మొదలై ఖండపు సగటు వైపు అడ్డంగా ఎక్కుతాయి. గడి పేరు కంటే బిందువుల నడక చూడండి. మీవి ఇప్పుడు ఎలా ఉన్నాయంటే, నాలుగైదు పట్టీ అంచున ఉన్నాయి, మిగతావి పైకి సాగాయి. నాకు అది కలుషితంలా అనిపిస్తోంది, కానీ బ్యాక్ ఆర్క్ బసాల్ట్‌లు కూడా ఇలాగే మోర్బ్ నుంచి ఆర్క్ వరకు పరుచుకుంటాయి. ఇక్కడ పటం శక్తి అయిపోయింది.

ఇక ఫీల్డ్ చూడాలి. ఈ యాంఫిబొలైట్‌ల కింద పాత గ్నైస్ ఉందా, పక్కన క్వార్ట్‌జైట్, ఖండం నుంచి కొట్టుకొచ్చిన అవక్షేపాలు ఉన్నాయా? ఉంటే ఖండపు అంచు, రిఫ్ట్. పిల్లోలు, చెర్ట్, డైక్‌ల గుంపు, గ్యాబ్రో ఒక వరసలో ఉండి ఖండపు ఇసుక లేకపోతే సముద్రపు పొర. మీ ప్రాంతం ఈ ప్రశ్నకు మంచి చోటు. కండ్ర దగ్గరి రాళ్లను ఓఫియొలైట్‌గా (నేల మీదికి వచ్చిన పాత సముద్రపు పొర ముక్కగా) వివరించిన పని 2010లో వచ్చింది, గ్యాబ్రో, డైక్‌లు, బసాల్ట్ కలిసి ఉన్నాయి, వయసు 185 కోట్ల ఏళ్లు. ఉత్తరాన కనిగిరి మెలాంజ్‌కు (కలగాపులగంగా కలిసిన రాతి ముక్కల గుంపుకు) 133 కోట్ల ఏళ్లు వచ్చింది. ఒకే బెల్ట్‌లో రెండిటి మధ్య 50 కోట్ల ఏళ్ల ఎడం. అంటే "నెల్లూరు షిస్ట్ బెల్ట్ యాంఫిబొలైట్" అని ఒకే గుంపుగా 22 నమూనాల్నీ ఒక పటంలో వేయడమే ప్రమాదం. మ్యాప్ మీద ఎక్కడివో విడదీసి, ప్రతి ప్రాంతానికీ వేరే రంగు ఇచ్చి మళ్లీ వేయండి. మీ మోర్బ్ గుంపు, మీ ఆర్క్ గుంపు రెండు వేరు చోట్లవి అని తేలినా నేను ఆశ్చర్యపోను. కోలార్‌లో ఇలాంటిదే జరిగింది: బెల్ట్ పడమటి వైపు యాంఫిబొలైట్‌లలో తేలిక రేర్ ఎర్త్‌లు తక్కువ, తూర్పు వైపు వాటిలో ఎక్కువ, ఒకే బెల్ట్‌లా కనిపించేది వేరువేరు చోట్ల పుట్టిన ముక్కలు అతుక్కున్నదని 1989లో వాదించారు. అన్నీ కలిపి సగటు తీసి ఉంటే ఆ వాదనే పుట్టేది కాదు.

మీరు ప్రశ్న చివర గద్వాల సంగతి కూడా ఎత్తారు, అక్కడ ఆర్క్ అన్నారు కదా, నేనెందుకు అనకూడదు అని. గద్వాల గ్రీన్‌స్టోన్ బెల్ట్ మీద హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు 2005లో బోనినైట్‌లు చూపించారు. బోనినైట్ అంటే సిలికా 52 శాతం పైన, మెగ్నీషియా 8 శాతం పైన, టైటానియం డయాక్సైడ్ మాత్రం 0.5 శాతం లోపు. ముందే బాగా కరిగి సారం పోయిన మాంటిల్ నీటి సాయంతో మళ్లీ కరిగితేనే అలాంటి ద్రవం వస్తుంది, దాన్ని మామూలు కలుషితంతో తయారు చేయడం కష్టం. దాంతోపాటు అడకైట్‌లు (దిగే పలకే కరిగితే వస్తాయనుకునే లావాలు), నయోబియం ఎక్కువ ఉన్న బసాల్ట్‌లు కూడా అదే బెల్ట్‌లో చూపించారు. వాదన బలం ఆ రాళ్ల కలయికలో ఉంది. ఆస్ట్రేలియా పిల్బారాలో 312 కోట్ల ఏళ్ల వుండో రాళ్లను ఆర్క్ అన్నప్పుడూ అంతే, వేరువేరు రకాల లావాలు ఒకే చోట ఉన్నాయి, పాత ఖండపు రాయి కలిసిన జాడ లేదు. అయినా ఆర్కియన్ యుగానికి (250 కోట్ల ఏళ్లకు ముందు కాలం) ఈ చర్చ ఇంకా ముగియలేదు. అప్పటి మాంటిల్ ఇంకా వేడిగా ఉండేది, మందమైన బసాల్ట్ పొర అడుగు భాగాలు కిందికి జారి కరిగినా కొంతవరకు ఇలాంటి రసాయనమే వస్తుందనే వాళ్లు ఉన్నారు, వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. మీ దగ్గర ఉన్నది బసాల్ట్ ఒక్కటే. గద్వాల వాళ్లు మోసిన బరువును ఆ ఒక్కదాని మీద పెట్టకండి.

థీసిస్‌లో ప్రస్తుతానికి "ఆర్క్ లాంటి థోరియం-నయోబియం స్వభావం" అని రాయండి, "ఆర్క్‌లో పుట్టింది" అని రాయకండి. వైవాలో ఎవరైనా గట్టిగా అడిగితే పైన ఉన్న 5 శాతం లెక్క బోర్డు మీద వేసి చూపించండి, టెన్షన్ పడాల్సింది లేదు.

బడ్జెట్‌లో ఇంకొక్క పరీక్షకే డబ్బు ఉందన్నారు కాబట్టి, దాన్ని నియోడిమియం ఐసోటోప్‌ల మీద పెట్టండి. అన్ని నమూనాలకూ అక్కర్లేదు. గుంత అంకె అతి తక్కువ ఉన్న మూడు, అతి ఎక్కువ ఉన్న మూడు, ఒకే ప్రాంతం నుంచి, ద్రవాలని తేలినవి, సీరియం సరిగ్గా ఉన్నవి ఎంచుకోండి. 185 కోట్ల ఏళ్ల నాటి సారం తగ్గిన మాంటిల్ ఎప్సిలాన్ నియోడిమియం (ఆ ఐసోటోప్ నిష్పత్తి భూమి సగటుకు ఎంత పైన లేదా కింద ఉందో చెప్పే అంకె) సుమారు +5, అప్పటికే పాతబడ్డ ధార్వాడ్ గ్నైస్‌లది బాగా మైనస్‌లో ఉంటుంది. ఖండపు రాయి 5 శాతం కలిస్తే దాదాపు 2 యూనిట్లు, 10 శాతం కలిస్తే దాదాపు 4 యూనిట్లు పడిపోవాలి, ఈ తేడా కొలత పొరపాటు కంటే చాలా పెద్దది. వయసు తెలియకుండా ఈ లెక్క వేయలేరు, అందుకే మీ ప్రాంతంలో ఫెల్సిక్ (సిలికా ఎక్కువున్న) పొర ఏదైనా ఉంటే దాని జిర్కాన్‌లను ఎవరితోనైనా కలిసి డేటింగ్ చేయించే దారి చూడండి. 185కూ 133కూ మధ్య ఎటూ తేల్చకుండా ఎప్సిలాన్ రాస్తే ఎవరూ ఒప్పుకోరు. ఆరు నమూనాలూ గుంతతో పాటే వరసగా కిందికి దిగితే ఖండపు కలుషితమే అని ధైర్యంగా రాయండి, పక్కన క్వార్ట్‌జైట్ ఉంటే రిఫ్ట్ అని కూడా అనవచ్చు. దిగిన అవక్షేపం పాత ఖండానిదైతే ఆర్క్‌లో కూడా కొంత పడిపోతుంది, కాబట్టి ఆ పడిపోవడం ఎంత, గుంతతో ఎంత గట్టిగా ముడిపడింది అన్నది చూసి మాట్లాడండి. గుంత అంకె 0.3 నుంచి 1 వరకు మారినా ఎప్సిలాన్ మాత్రం +4, +5 దగ్గరే కదలకుండా ఉంటే, పాత ఖండం కలవకుండానే థోరియం వచ్చిందన్నమాట. అప్పుడు బ్యాక్ ఆర్క్ అని రాయండి, నేను మీ పక్షాన వాదిస్తాను.